పిలిస్తేనే పలికే గుర్రం: మాంసం కల్తీని డీఎన్ఏ టెస్టు ఎలా పడుతుంది

2018 నవంబర్‌లో జోధ్‌పూర్ నుంచి వచ్చిన రైల్లో చెన్నై ఎగ్మోర్ స్టేషన్‌కి రెండు వేల కిలోల పైచిలుకు మాంసం దిగింది. తోలు తీసిన కళేబరాలు, పెట్టెల్లో ప్యాక్ చేసి ఉన్నాయి. వాటిలో కొన్నిటికి తోక పొడుగ్గా ఉందని ఎవరికో అనిపించింది, ఇంకేముంది, అది కుక్క మాంసం అయిపోయింది. టీవీల్లో అదే, వాట్సాప్‌లో అదే, ఊళ్ళో మటన్ బిరియానీ అమ్మకాలు ఢమాల్. వ్యాపారులేమో అటువైపు మేకలకి తోకలు పొడుగేనయ్యా బాబూ అని మొత్తుకున్నారు గానీ వినేవాడెవడు. చివరికి వెటర్నరీ కాలేజీ ల్యాబ్‌లో తేలిందేంటంటే అది కుక్క కాదు, మేక జాతిదే. అప్పటికి మాంసం పూడ్చేశారు, వ్యాపారం పోయింది, రూమర్ మాత్రం ఇప్పటికీ ఏడాదికోసారి ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.

నాకు ఈ కేసులో నచ్చేది తోక. ఎందుకంటే మనకి కంటితో గుర్తుపట్టడానికి మిగిలేది అలాంటి ఒకటో రెండో ఆనవాళ్ళే. మన మటన్ షాపుల్లో చూడండి, వేలాడదీసిన యాటకి తోక చివర కాస్త బొచ్చు వదిలేస్తారు, మేకపోతు అని తెలియడానికి వృషణాలు ఉంచేస్తారు, స్లాటర్‌హౌస్ నుంచి వస్తే డాక్టర్ వేసిన స్టాంపు ఉంటుంది. అదంతా నమ్మకం కోసం పెట్టుకున్న ఏర్పాటు. అదే ముక్కని మిషన్‌లో వేసి కైమా తిప్పేశాక తోక లేదు, బొచ్చు లేదు, స్టాంపూ లేదు. మటన్ కిలో తొమ్మిది వందలకి అటూఇటూ ఉండి, బీఫ్ అందులో సగం కూడా లేనప్పుడు, ఆ కైమాలో ఏం కలిసిందో కంటితో చెప్పగలిగే మొనగాడు లేడు. సమోసాలోనో కబాబ్‌లోనో పెట్టేశాక మసాలా వాసన తప్ప ఇంకేం తెలీదు. ఇక్కడే డీఎన్ఏ టెస్టు కావాల్సి వస్తుంది.

ఐతే ఈ టెస్టు గురించి మనవాళ్ళకున్న ఊహ ఏంటంటే, ముక్కని మిషన్‌లో పెడితే స్క్రీన్ మీద "మేక 70 శాతం, గేదె 30 శాతం" అని వచ్చేస్తుందని. అలా రాదు. ఈ టెస్టు చాలా ఇరుకైన ప్రశ్నకి చాలా ఖచ్చితమైన జవాబిస్తుంది. మనం వెడల్పాటి ప్రశ్నలు అడిగి ఆ ఇరుకు జవాబుని మనకి కావాల్సినట్టు సాగదీస్తాం, గొడవలన్నీ అక్కడే మొదలౌతాయి.

ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తా. మాంసం అంటే కణాలు, ప్రతి కణంలో డీఎన్ఏ ఉంటుంది, కేంద్రకంలో ఉండేదానికి ఒక్కో కణంలో రెండు కాపీలే. దాంతోపాటు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో గుండ్రటి చిన్న డీఎన్ఏ ఒకటుంటుంది, సుమారు 16,500 అక్షరాల పొడవు (డీఎన్ఏలో వరసగా ఉండే రసాయన ముక్కల్నే అక్షరాలు అంటున్నా), ఇది ఒక్కో కణంలో వందలు, వేల కాపీలు ఉంటుంది. కల్తీ పట్టేవాళ్ళకి ఎక్కువగా కావాల్సింది ఇదే, ఎందుకంటే వండినా, నూరినా, ఎండబెట్టినా అన్ని వేలల్లో కొన్ని ముక్కలైనా మిగలకపోవు. అందులో సైటోక్రోమ్ బి లాంటి కొన్ని జీన్లు జాతికీ జాతికీ తేడాగా ఉంటాయి, ఒకే జాతిలో మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి. మేకకీ గొర్రెకీ తేడా, ఆవుకీ గేదెకీ తేడా, గుర్రానికీ గాడిదకీ తేడా అక్కడ దొరికిపోతుంది.

ఆ తేడాని పట్టుకునేది పీసీఆర్. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు అందరికీ తెలుసు, ముక్కులో పుల్ల పెట్టి చేసింది కూడా ఇదే పద్ధతి. దీన్ని 1983లో కేరీ మల్లిస్ కనిపెట్టాడు, పదేళ్ళకి నోబెల్ ఇచ్చారు. ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే, పెద్ద పెళ్ళి, వెయ్యిమంది జనం, మైకులో ఎవరో "ముప్పాళ్ళ వాళ్ళు ఎవరైనా ఉంటే స్టేజీ దగ్గరికి రండి" అన్నారనుకోండి. ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళే లేస్తారు, మిగతా జనం పప్పన్నం తింటూనే ఉంటారు. ఆ పిలుపు లాంటిదే ప్రైమర్ అంటే, ఇరవై అక్షరాల చిన్న డీఎన్ఏ ముక్క, గుర్రం కోసం చేసిన ప్రైమర్ గుర్రం డీఎన్ఏకే వెళ్ళి అతుక్కుంటుంది. అతుక్కున్నాక అసలు మాయ మొదలౌతుంది. 95 డిగ్రీల దగ్గర డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి, 55-60కి దించితే ప్రైమర్ అతుక్కుంటుంది, 72 దగ్గర ఎంజైమ్ కొత్త పోగు కడుతుంది. ఒకటి రెండౌతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, ఇలా 30 సార్లు తిప్పితే లెక్క ప్రకారం ఒక్క ముక్క నుంచి వంద కోట్లకి పైగా కాపీలు. రెండు గంటల్లోపు పని. అంత వేడికి చచ్చిపోకుండా పనిచేసే ఆ ఎంజైమ్, అమెరికాలో ఎల్లోస్టోన్ వేడి నీటి ఊటల్లో బతికే బ్యాక్టీరియాది, అది వేరే కథ.

పెళ్ళి పోలికలో ఒక్కటే తిరకాసు. మన ఇంటిపేరు నాన్న నుంచి వస్తుంది, మైటోకాండ్రియా అమ్మ నుంచే వస్తుంది. దీని అవసరం తర్వాత వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

పిలిస్తేనే పలుకుతుంది అన్నాను కదా, దానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. 2012 చివర్లో ఐర్లాండ్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ వాళ్ళు సూపర్‌మార్కెట్ల నుంచి ఫ్రోజెన్ బీఫ్ బర్గర్లు కొన్ని తెప్పించి టెస్టులకి పంపారు. పంది కోసం చూశారు, దాంతోపాటు గుర్రం కోసం కూడా చూశారు. బర్గర్‌లో గుర్రం కోసం వెతకాలని మామూలుగా ఎవరికి తోస్తుంది చెప్పండి, అంతకుముందు ఏళ్ళ తరబడి ఎవరూ పెద్దగా వెతకలేదు, అందుకే దొరకలేదు. 2013 జనవరి 15న రిజల్టు బయటపెట్టారు: 27 బర్గర్లలో 10 వాటిలో గుర్రం డీఎన్ఏ, 23 వాటిలో పంది డీఎన్ఏ. ఎక్కువ వాటిలో గుర్రం చాలా కొద్దిగానే ఉంది, కానీ టెస్కో వాళ్ళ ఒక బర్గర్‌లో మాత్రం బీఫ్‌తో పోలిస్తే 29 శాతం గుర్రం. డబ్లిన్ ల్యాబ్‌లో వచ్చిన రిజల్టుని ఊరికే నమ్మకుండా జర్మనీలో ఇంకో ల్యాబ్‌తో సరిచూసుకుని మరీ చెప్పారు. కోటి బర్గర్లు షాపుల నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఇంకో మూడు వారాలకి ఫిండస్ కంపెనీ లసాన్యా (పాస్తా పొరల మధ్య మాంసం పెట్టి చేసే వంటకం) వంతు వచ్చింది, బ్రిటన్‌లో 18 ప్యాకెట్లు చూస్తే 11 వాటిలో మాంసం 60 నుంచి 100 శాతం దాకా గుర్రమే. ఎలా వచ్చిందని తవ్వితే రొమేనియా కబేళాలో గుర్రం గుర్రంగానే బయల్దేరింది, కాగితాల మీద కూడా అలాగే ఉంది, మధ్యలో సైప్రస్, నెదర్లాండ్స్ వ్యాపారుల చేతులు మారి ఫ్రాన్స్ దాటి లక్సెంబర్గ్ ఫ్యాక్టరీకి చేరేసరికి బీఫ్ అయిపోయింది. అంటే జంతువు మారలేదు, లేబుల్ మారింది. ఆ తర్వాత యూరప్ అంతా కలిపి గుర్రం కోసం నాలుగు వేలకి పైగా టెస్టులు చేస్తే దాదాపు ఐదు శాతం పాజిటివ్. ఆ ఏడాదే దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బాష్ యూనివర్సిటీ వాళ్ళు 139 మాంసం ఉత్పత్తులు చూస్తే 68 శాతం వాటిలో లేబుల్ మీద చెప్పనిది ఏదో ఒకటి కలిసింది, సోయా నుంచి గాడిద, గేదె దాకా. చైనాలో ఐతే ఎలుక, నక్క మాంసాన్ని మటన్ అని అమ్ముతున్నారని జనాల్ని అరెస్టు చేశారు, ఇంకా తమాషా ఏంటంటే అక్కడ వాల్‌మార్ట్‌లో గాడిద మాంసం కొన్నవాళ్ళకి అందులో నక్క వచ్చిందట. గాడిదని కూడా కల్తీ చేస్తారు అన్నమాట! మన గుంటూరు, కృష్ణా, ప్రకాశం వైపు గాడిద మాంసం తింటే బలం అని దొంగచాటుగా అమ్మడం, పోలీసులు పట్టుకోవడం పేపర్లో చూస్తూనే ఉంటాం, అక్కడ లేబుల్ మోసం లేదు, గాడిదని గాడిదనే అమ్ముతారు, చట్టప్రకారం అది తిండి జంతువు కాదు కాబట్టి కేసు.

సరే, ఎవర్ని పిలవాలో తెలియకపోతే ఏం చేయాలి? ఏ ఇంటిపేరు వాళ్ళనైనా లేపే పిలుపు ఒకటుంటే బావుండు కదా. అది మన హైదరాబాద్‌లోనే చేశారు. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్, ఎస్.కె. వర్మ కలిసి 2003లో సైటోక్రోమ్ బి మీద యూనివర్సల్ ప్రైమర్లు ప్రచురించారు. క్షీరదమా, పక్షా, పామా, చేపా అని ముందు తెలియకపోయినా ఆ ముక్కని కాపీ చేసి, అక్షరాలు చదివి, డేటాబేస్‌లో పోల్చి జాతి చెప్పొచ్చు. దుప్పి మాంసమో, నెమలి మాంసమో పట్టుబడితే అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ వన్యప్రాణుల ల్యాబ్ లాకోన్స్‌కి వెళ్ళేది ఇందుకే. అదే ఏడాది కెనడాలో పాల్ హెబర్ట్ అనే ఆయన వేరే జీన్‌తో డీఎన్ఏ బార్‌కోడింగ్ అనే పేరు పెట్టాడు, ప్రపంచమంతా ఆ పేరే పాపులర్ అయింది. ఒకే ముక్క ఐతే ఈ పద్ధతి సూపర్. నాలుగు జంతువులు కలిసిన కైమా ఐతే మాత్రం అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గజిబిజి అయిపోతాయి, అప్పుడు ఒక్కో డీఎన్ఏ ముక్కనీ విడివిడిగా చదివే పెద్ద సీక్వెన్సింగ్ మిషన్లు కావాలి, ఖర్చు కూడా ఆ రేంజ్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు వండిన మాంసం సంగతి. "బిరియానీ ప్యాకెట్ పంపిస్తే చెప్పేస్తారా?" అంటే, చాలాసార్లు చెప్పగలరు. ప్రొటీన్ ఆధారంగా చేసే ఎలైసా టెస్టులు వేడికి దెబ్బతింటాయి, ఎందుకంటే ప్రొటీన్ ఆకారమే మారిపోతుంది. డీఎన్ఏ ఐతే తెగిపోతుందే గానీ అక్షరాలు మారవు, అందుకని వండిన వాటికి వంద, నూటయాభై అక్షరాల పొట్టి ముక్కల్ని వెతికే ప్రైమర్లు వాడతారు. అయినా చింతపండు, నిమ్మరసం లాంటి పులుపుతో ఎక్కువసేపు ఉడికితే ఇంకా చితికిపోతుంది, పైగా కొవ్వూ మసాలాలూ పీసీఆర్‌ని అడ్డుకుంటాయి. అందుకే మంచి ల్యాబ్ ఏదైనా పక్కనే ఇంకో టెస్టు పెడుతుంది, అసలు ఈ శాంపిల్ నుంచి ఏదో ఒక జంతువు డీఎన్ఏ ఐనా బయటికొచ్చిందా అని. అది లేకుండా "నెగటివ్" అంటే దానికి విలువ లేదు, మైకే పనిచేయనప్పుడు ఎవరూ లేవలేదంటే ఆ ఇంటిపేరు వాళ్ళు లేరని కాదు కదా.

2021లో సబ్‌వే అనే శాండ్‌విచ్ షాపుల కంపెనీ ట్యూనా శాండ్‌విచ్ మీద అమెరికాలో జరిగిన గోల ఇదే. న్యూయార్క్ టైమ్స్ వాళ్ళు ల్యాబ్‌కి పంపితే ట్యూనా డీఎన్ఏ దొరకలేదన్నారు, జనం వెంటనే "అందులో చేపే లేదంట" అని పండగ చేసుకున్నారు. డబ్బాలో పెట్టి 120 డిగ్రీల దాకా ఉడికించిన చేపలో డీఎన్ఏ చదవలేనంత ముక్కలైపోయి ఉండొచ్చని ల్యాబ్ వాళ్ళే చెప్పారు, ఇంకో టీవీ షో చేయించిన టెస్టులో ట్యూనా దొరికింది కూడా. దొరకలేదు అన్నదానికీ లేదు అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది.

దీనికంటే పెద్ద తలనొప్పి శాతాలు. రియల్ టైమ్ పీసీఆర్‌లో కాపీలు పెరిగేకొద్దీ వెలుగు పెరుగుతుంది, ఎన్నో రౌండులో ఆ వెలుగు గీత దాటిందో చూసి మొదట్లో ఎంత ఉండేదో లెక్కేస్తారు, పది రెట్లు తక్కువుంటే మూడు రౌండ్లు పైచిలుకు ఆలస్యంగా దాటుతుంది. ఇక్కడిదాకా బానే ఉంది. కానీ అది డీఎన్ఏ ఎంత అనే లెక్క, మాంసం ఎన్ని గ్రాములు అనే లెక్క కాదు. లివర్‌లో మైటోకాండ్రియా దండిగా ఉంటాయి, కొవ్వులో కణాలే తక్కువ. మేక కొవ్వులో కొంచెం గేదె కార్జం కలిపితే డీఎన్ఏ లెక్కలో గేదె ఎక్కడికో వెళ్ళిపోతుంది. 2017లో కెనడా సీబీసీ ఛానల్ సబ్‌వే చికెన్‌లో కోడి డీఎన్ఏ సగమే, మిగతాది ఎక్కువగా సోయా అని చెప్తే ప్రపంచమంతా "సగం చికెనే లేదు" అని రాసేసింది. సబ్‌వే వాళ్ళు మా టెస్టుల్లో సోయా ప్రొటీన్ ఒక శాతం కూడా లేదని కోర్టుకెళ్ళారు. ఎవరు కరెక్టు అన్నది పక్కన పెడితే, డీఎన్ఏ శాతాన్ని తీసుకొచ్చి ప్లేట్లో ముక్కల శాతంగా చదవడం మాత్రం తప్పే.

ఇంకో చిక్కు, ఈ టెస్టు మరీ తెలివైంది. ఒకే మొద్దు మీద ఒకే కత్తితో పొద్దున గేదె, మధ్యాహ్నం మేక కొడితే మేకలో గేదె జాడ వచ్చేస్తుంది. అందుకే గుర్రం గొడవప్పుడు బ్రిటన్, ఐర్లాండ్ ఒక శాతాన్ని హద్దుగా పెట్టుకున్నాయి, దాని పైన ఉంటే ఎవరో కావాలనే కలిపినట్టు, దాని కింద ఐతే కత్తికో మిషన్‌కో అంటుకుని వచ్చినట్టు. వ్యాపారం కోణంలో అది న్యాయమే. కానీ పంది ముట్టని మనిషికి అర శాతం ఐనా ఒకటే, పది శాతం ఐనా ఒకటే. అప్పుడే బ్రిటన్ జైళ్ళలో హలాల్ అని పెట్టిన తిండిలో పంది డీఎన్ఏ జాడ దొరికి పెద్ద రచ్చయింది, అక్కడ ఒక శాతం లెక్క ఎవడు వింటాడు. నన్నడిగితే హద్దు ఎంతో చెప్పాల్సింది సైన్స్ కాదు, తినేవాడు.

టెస్టు చెప్పలేనివి ఇంకా చాలా ఉన్నాయి. ఆ జంతువుని కోశారా, చచ్చిందాన్ని కోశారా అన్నది చెప్పలేదు. 2018లో కోల్‌కతా దగ్గర బజ్‌బజ్‌లో చెత్తకుప్పలో పడేసిన కళేబరాల మాంసం తీసి అమ్ముతున్నారని బయటపడింది, డీఎన్ఏ టెస్టు ఆ మాంసాన్ని కూడా "జాతి ఇదీ" అని నిక్షేపంగా సర్టిఫై చేసేస్తుంది. హలాలో ఝట్కానో చెప్పలేదు. ముసలిదో లేతదో చెప్పలేదు, హార్మోన్లు, మందులు అసలే తెలియవు. గుర్రానికి నొప్పులకి వేసే బ్యూట్ అనే మందు బర్గర్‌లోకి వచ్చిందేమో అని భయపడినప్పుడు దానికి వేరే కెమికల్ టెస్టు పెట్టాల్సొచ్చింది. మనిషికి ఇచ్చే ఒక రోజు మందు డోసుకి సమానం అవ్వాలంటే రోజుకి ఐదారువందల గుర్రం బర్గర్లు తినాలని బ్రిటన్ చీఫ్ మెడికల్ ఆఫీసరే చెప్పింది లెండి. అడవి పంది అని చెప్పి ఊర పంది అమ్మినా పట్టుకోవడం కష్టం, రెండూ ఒకే జాతి, మామూలు జాతి టెస్టుకి రెండూ "పంది"యే.

ఇప్పుడు అమ్మ దగ్గర్నుంచి వస్తుంది అన్న మాటకొద్దాం. 1977 గోవధ నిషేధ చట్టం ప్రకారం మన దగ్గర ఆవుని కోయడం నేరం, ఎద్దు, దున్న ఐతే పనికిరావని సర్టిఫికెట్ ఉంటే కోయొచ్చు. పోలీసులు మాంసం పట్టుకుంటే అది ఆవా, ఎద్దా, గేదెనా అని అడుగుతారు. గేదె వేరే జాతి, ఇట్టే తేలిపోతుంది. కానీ ఆవుకీ ఎద్దుకీ మైటోకాండ్రియా ఒకటే, ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే కదా. మగదో ఆడదో తెలియాలంటే వై క్రోమోజోమ్ మీదుండే ఎస్ఆర్‌వై జీన్ ఉందో లేదో చూడాలి, అది కేంద్రకం డీఎన్ఏ, కాపీలు తక్కువ. పాతబడిన ముక్కలో అది దొరక్కపోతే ఆడది కాబట్టి లేదా, చెడిపోయి లేదా అని మళ్ళీ మొదటికే వస్తాం.

ఈ కేసుల్లో ల్యాబ్ కంటే శాంపిల్ ఎక్కువ గొడవ పెడుతుంది. 2015లో ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీలో ఆవు మాంసం ఉందన్న పుకారుతో ఒక మనిషిని ఇంట్లోంచి లాగి కొట్టి చంపాక, మొదట అక్కడి పశువుల డాక్టర్ చూసి మేకలా ఉందన్నారు, తర్వాత మథుర ల్యాబ్ ఆవు లేదా దాని సంతతిది అంది. అసలు ఆ ముక్క ఇంట్లో ఫ్రిజ్‌లోదా, బయట దొరికిందా అనే దాని మీదే ఏళ్ళ తరబడి వాదన. ల్యాబ్ తన బల్ల మీదికి వచ్చిన ముక్క గురించే చెప్పగలదు, ఆ ముక్క ఎవరి ఇంట్లోదో దానికి తెలీదు. (అది ఏ మాంసమైనా చంపడం హత్యే, దానికి డీఎన్ఏ అక్కర్లేదు.)

తిరుమల లడ్డూ నెయ్యి గొడవప్పుడు కూడా నాకు తెలిసినవాళ్ళు చాలామంది "డీఎన్ఏ టెస్టు చేయిస్తే తేలిపోద్ది కదా" అన్నారు. 2024లో బయటికొచ్చిన ఆ ఎన్‌డీడీబీ (జాతీయ పాడి అభివృద్ధి బోర్డు) ల్యాబ్ రిపోర్టు డీఎన్ఏది కాదు, కొవ్వు ఎలాంటిదో గ్యాస్ క్రోమటోగ్రఫీతో చూసింది. నెయ్యి కాచి వడకట్టిన కొవ్వు, అందులో కణాలు దాదాపు ఉండవు, డీఎన్ఏ చాలా తక్కువ. ఆ కొవ్వు టెస్టు "ఇది మామూలు పాల కొవ్వులా లేదు" అని చెప్పగలదు, ఏమేం కలిసి ఉండొచ్చో గుంపుగా చెప్తుంది, ఫలానా జంతువు అని వేలు పెట్టి చూపించదు, ఆవు మేత తేడా వల్ల కూడా లెక్క తప్పొచ్చని ఆ రిపోర్టులోనే రాశారు. మాంసానికీ నెయ్యికీ ప్రశ్న ఒకటే, పనిముట్టు వేరు.

మీకే డౌటొస్తే ఏం చేయొచ్చు? ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుక్కున్నవాడు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో టెస్టు చేయించుకోవచ్చు, తప్పు తేలితే ఆ ఫీజు వెనక్కొస్తుంది. అధికారి షాపుకొచ్చి శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేసి సీల్ వేయాలి, ఒకటి అనలిస్టుకి, రెండు పై అధికారి దగ్గర, షాపువాడు అడిగితే నాలుగోది అక్రెడిటెడ్ ల్యాబ్‌కి, రిపోర్టు 14 రోజుల్లో రావాలి. మాంసం జాతి తేల్చే పనికి హైదరాబాద్ శివార్లలో చెంగిచర్లలో ఐసీఏఆర్ వాళ్ళ మాంస పరిశోధన సంస్థ ఉంది. ఏ ల్యాబ్‌కైనా ముక్కని వండకముందే, కవర్లో కట్టి, ఐస్‌లో పెట్టి, వాసన రాకముందు చేర్చాలి. పచ్చిముక్క అయితే పని సులువు, తిని మిగిల్చిన బిరియానీ అయితే వాళ్ళకీ తిప్పలే. "ఇది మటనేనా?" అని రాసిచ్చి వస్తే మేకా గొర్రే ఉన్నాయా అని చూసి ఉన్నాయి అనేస్తారు, ఇంకేం కలిసిందో మీరు అడగలేదు కదా. అందుకే కాగితం మీద మీ డౌటు ఏ జంతువు మీదో, గేదెనా, ఎద్దా, కుక్కా, పందా, పేరు పెట్టి రాయండి.